మూలనున్న సర్వరునూ లెక్కలోకి తీసుకోండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల ఐటీ శాఖ కార్యదర్శులకు,



2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. ఆఫీసుల్లో పాత కంప్యూటర్లు పోయి కొత్తవి వస్తున్నాయి. ప్రాసెసరు సరిపోయిన చోట పాతవాటికే విండోస్ 11 ఎక్కిస్తున్నారు. ఇది జరగాల్సిన పనే. దాని వెనకాలే వచ్చే ఒక ఫిర్యాదు గురించి, ఆ ఫిర్యాదుకు ఆఫీసుల్లో జరుగుతున్న వైద్యం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

“కొత్త సిస్టాలు పెట్టాక సర్వరు స్లో అయిపోయిందండీ.” సర్వర్లు చూసుకోవడమే నా వృత్తి కనుక ఈ మాట చాలా ఊళ్లలో, చాలా రకాల ఆఫీసుల్లో విన్నాను. నిన్నటిదాకా క్లిక్ చేయగానే తెరుచుకున్న డ్రాయింగు ఇప్పుడు తెరుచుకోదు. స్కాన్ చేసిన పాత రికార్డుల ఫోల్డరులోకి వెళ్తే పేర్లు ఒక్కొక్కటే మెల్లగా కనిపిస్తాయి. కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి “సర్వరు స్లోగా ఉంది, మధ్యాహ్నం రండి” అన్న జవాబు దొరుకుతుంది. పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన మనిషికి ఆ మధ్యాహ్నం అంటే ఒక రోజు కూలి.

అప్పుడు దగ్గర్లోని షాపు నుంచి ఒక కుర్రాడిని పిలుస్తారు. అతను వచ్చి నల్ల తెర తెరిచి రెండు కమాండ్లు కొడతాడు. వేగం తిరిగొస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ రెండు కమాండ్లతో కొత్త కంప్యూటర్లు తెచ్చిన రక్షణల్లో ముఖ్యమైనదొకటి తీసేసినట్టు ఆఫీసరుకు తెలియదు, రికార్డులో ఎక్కడా రాయరు. వచ్చే ఏడాది ఇంకో కుర్రాడు వస్తాడు, అతనికీ తెలియదు. దీన్ని ఆపగలిగింది మీరేనని నమ్మి మీకు రాస్తున్నాను.

జరిగిందేమిటో ముందు చెబుతాను. ఆఫీసు కంప్యూటర్ నుంచి సర్వరులోని ఫోల్డరు తెరిచినప్పుడు అవి రెండూ మాట్లాడుకునే పద్ధతిని ఎస్ఎంబీ అంటారు. 1980లలో ఐబీఎంలో పుట్టింది, మైక్రోసాఫ్ట్ చేతుల్లో పెరిగింది. అటూ ఇటూ వెళ్లే ప్రతి సందేశానికీ సంతకం పెట్టే ఏర్పాటు అందులో విండోస్ 2000 నాటికే ఉంది. పాస్‌వర్డ్‌తో లాగిన్ అయినప్పుడు రెండు వైపులా ఒక రహస్య సంఖ్య తయారవుతుంది. పంపేవాడు సందేశాన్నీ ఆ సంఖ్యనీ కలిపి ఒక లెక్క కట్టి సందేశానికి జత చేస్తాడు. అందుకున్నవాడు అదే లెక్క మళ్లీ కట్టి సరిచూసుకుంటాడు. పాతకాలపు ఇన్సూర్డ్ కవరు మీద లక్క ముద్ర ఎలాంటిదో ఇదీ అలాంటిదే: దారిలో ఎవరు చెయ్యి పెట్టినా బయటపడుతుంది.

ఈ ఏర్పాటు ఉండటం వేరు, తప్పనిసరి కావడం వేరు. డొమైన్ కంట్రోలర్లతో మాట్లాడేటప్పుడు తప్ప మామూలు ఆఫీసు ఫోల్డర్లకు ఇన్నేళ్లూ విండోస్ సంతకం అడగలేదు. 2024 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 11 24హెచ్2లో ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ రకాలన్నిటికీ మైక్రోసాఫ్ట్ దీన్ని తప్పనిసరి చేసింది. తాను ఇంకో సర్వరు దగ్గరికి వెళ్లినా సంతకం కావాలి, తన దగ్గరికి ఇంకొకరు వచ్చినా సంతకం కావాలి. పాస్‌వర్డ్ లేకుండా అతిథిగా ఫోల్డరు తెరిచే దారిని కూడా ప్రో రకంలో మూసేసింది. పాస్‌వర్డ్ లేనిదే రహస్య సంఖ్య పుట్టదు కదా, అది లేకుండా సంతకం ఎలా పెడతారు?

ఇది అతి జాగ్రత్త కాదు. సంతకం లేని ఎస్ఎంబీని మధ్యలో దూరి ఎలా వాడుకోవచ్చో 2001లోనే ఎస్ఎంబీరిలే అనే చిన్న ప్రోగ్రాం రాసి చూపించారు. మీ ఉద్యోగి కంప్యూటర్ పంపిన లాగిన్‌ను దొంగ మధ్యలో పట్టుకుని, తానే ఆ ఉద్యోగినని చెప్పి సర్వరులోకి వెళ్లిపోతాడు. అతనికి పాస్‌వర్డ్ తెలియనక్కర్లేదు. ఇరవై ఏళ్లు దాటినా ఆ జాతి దాడులు ఆగలేదు. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఒక్క వైరసు సోకిన ల్యాప్‌టాప్ వస్తే చాలు. సంతకం ఉంటే ఈ దాడికి దారి మూసుకుపోతుంది. ఇంత పాత జబ్బుకు ఇంత సూటి మందు కంప్యూటర్ రంగంలో అరుదు.

మరి నెమ్మది ఎందుకు? ప్రతి సందేశానికీ లెక్క కట్టాలంటే ప్రాసెసరు పని చేయాలి. కొత్త కంప్యూటర్‌కు అదొక పని కాదు. బాధంతా అవతలి వైపు, మూలన దుమ్ము పట్టి ఉన్న సర్వరుకో, నాలుగు హార్డ్ డిస్కుల నాస్ పెట్టెకో. ఎస్ఎంబీ తరాన్ని బట్టి సంతకపు లెక్క మారుతూ వచ్చింది. 2.0 కాలంలో హెచ్‌మ్యాక్-ఎస్‌హెచ్‌ఏ256, 3.0తో ఏఈఎస్-సీమ్యాక్, విండోస్ 11తో పాటు ఏఈఎస్-జీమ్యాక్ వచ్చాయి. చివరిది చాలా తేలిక. ఒక ముక్క లెక్క ముగిసేదాకా ఇంకో ముక్క ఆగాల్సిన పని అందులో లేదు, ఈనాటి ప్రాసెసర్లలో దానికి పనికొచ్చే ప్రత్యేక ఆజ్ఞలున్నాయి. లినక్సు మీద నడిచే సాంబా సర్వరుకు ఈ పద్ధతి 2021లో వచ్చిన 4.15తో అందింది. నాస్ పెట్టెల్లో చాలావాటి లోపల ఉన్నది ఈ సాంబానే. పెట్టె కొన్నాక దాని సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ ముట్టుకోకపోతే అది పాత లెక్కతోనే కుస్తీ పడుతుంది. ఏఈఎస్ ఆజ్ఞలు లేని చిన్న ప్రాసెసరైతే మరీ కష్టం. అలాంటి చోట పెద్ద ఫైలు కాపీ పెట్టి నాస్ పేజీలో ప్రాసెసరు వాడకం చూస్తే సంగతి తెలిసిపోతుంది: లైను సగం ఖాళీగా ఉంటుంది, ప్రాసెసరు మాత్రం నూటికి నూరు శాతం కాగుతూ ఉంటుంది.

ఇది మైక్రోసాఫ్ట్ ఒక్కదానికే ఎదురైన ఇబ్బంది కాదు. 2016లో ఆపిల్ తన మ్యాక్ ఓఎస్ 10.11.5తో ఎస్ఎంబీ సంతకాన్ని తప్పనిసరి చేసినప్పుడు వీడియో ఎడిటింగ్, డిజైన్ స్టూడియోల్లో ఇదే గగ్గోలు పుట్టింది. చివరికి 2018లో 10.13.4 నాటికి ఆపిల్ ఆ నిబంధనను సడలించింది. ఆ రెండేళ్ల మధ్య సంతకం తీసేసే చిట్కా ప్రపంచమంతా చేతులు మారింది. మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గుతుందని ఎదురుచూడటం నా దృష్టిలో పొరపాటు. తగ్గకూడదు కూడా.

ఎందుకంటే పాత సౌకర్యాన్ని పట్టుకుని వేలాడితే ఏమవుతుందో మనం కళ్లారా చూశాం. ఎస్ఎంబీ మొదటి తరంలోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న మందు విడుదల చేసింది. రెండు నెలలైనా తిరక్కుండా, మే 12న వాన్నాక్రై అనే వైరసు ఆ లోపంలోంచే ప్రపంచాన్ని చుట్టేసింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు దానికి చిక్కాయని ఆ వారంలోనే పత్రికల్లో వచ్చింది. మందు ఉంది, వేసుకున్నవాళ్లు తక్కువ. ఎందుకు వేసుకోలేదని అడిగితే ప్రపంచమంతటా వినిపించిన సమాధానాల్లో ఒకటి: “నడుస్తున్నదాన్ని ఎందుకు కదపడం?” ఈ రోజు సంతకం తీసేసే చోట కూడా నేను వింటున్నది ఆ మాటే.

ఇక్కడ ఆ కుర్రాడి తరఫున మాట్లాడాలి. అతనికి విజిట్‌కింత అని ఇస్తారు. గంటలో పని ముగించి ఇంకో చోటికి పోతేనే అతని రోజు గడుస్తుంది. కారణం వెతకడానికి అర పూట కావాలి, చిట్కాకు రెండు నిమిషాలు చాలు. ఆఫీసులో అందరూ తల మీద నిలబడి “అయిందా, అయిందా” అంటుంటే అతను చిట్కా ఎంచుకోవడంలో వింత ఏముంది? తప్పు అతనిది కాదు, అతనికి సమయం ఇవ్వని ఏర్పాటుది.

పైగా నెమ్మదికి కారణం ప్రతిసారీ సంతకమే కాదు. దీన్ని గట్టిగా చెప్పాలి. సంతకం తీసేశాక వేగం కొంచెం పెరిగితే “దొరికింది” అనుకుని ఆగిపోతారు, అసలు కారణం కింద అలాగే ఉండిపోతుంది.

నేను ముందు చూసేది ఒక అంకె. గిగాబిట్ లైను మీద ఆరోగ్యంగా ఉన్న సర్వరు నుంచి పెద్ద ఫైలు సెకనుకు దాదాపు 110 మెగాబైట్ల వేగంతో వస్తుంది. అది 11 దగ్గర గీత గీసినట్టు నిలిచిపోతే ఆపరేటింగ్ సిస్టం జోలికి పోనక్కర్లేదు, కేబుల్ చూడాలి. గిగాబిట్‌కు కేబుల్లోని నాలుగు జతల తీగలూ పని చేయాలి. 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు. కొత్త కంప్యూటర్ పెట్టేటప్పుడు టేబుల్ జరుపుతారు, గోడ దగ్గర ప్లగ్గు పీకి మళ్లీ గుచ్చుతారు. ఒక తీగ వదులైతే కనెక్షన్ పోదు, చప్పుడు చేయకుండా వంద మెగాబిట్‌కు దిగిపోతుంది. నింద మాత్రం విండోస్ 11 మీద పడుతుంది. కార్డు ఎంత వేగంతో కలిసిందో విండోస్ నెట్‌వర్క్ సెట్టింగుల్లోనే రాసి ఉంటుంది. అది చూడకుండా సంతకం తీసేసిన చోట్లున్నాయి.

కేబుల్ బాగుంటే, ఫైళ్లను పక్కన పెట్టి లైనును విడిగా కొలవాలి. దానికి ఐపెర్ఫ్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అందులో 940 మెగాబిట్లు వస్తూ కాపీ మాత్రం నత్తనడక నడుస్తుంటే లోపం లైనులో లేదు, పైన ఉంది. రెంటిలోనూ తక్కువ వస్తే డ్రైవరు చూడాలి. అప్‌గ్రేడ్ సమయంలో కంపెనీ డ్రైవరు పోయి విండోస్ సొంత డ్రైవరు కూర్చోవడం, కార్డులోని కరెంటు పొదుపు సెట్టింగులు మళ్లీ మొదటికి రావడం మామూలే.

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న: పెద్ద ఫైలు నెమ్మదా, చిన్న ఫైళ్లు నెమ్మదా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. ఐదు గిగాబైట్ల ఒకే ఫైలు పంపేటప్పుడు లైను వెడల్పు, ప్రాసెసరు బలం తేలతాయి. పది వేల చిన్న స్కాన్లు పంపేటప్పుడు ఒక్కొక్క ఫైలుకూ తెరువు, రాయి, తేదీ వేయి, మూయి అంటూ ఎన్నో సార్లు అటూ ఇటూ మాటలు నడుస్తాయి. ఒక్కో మాటకు ఆలస్యం ఎంతో అన్నదే అక్కడ ముఖ్యం. యాంటీవైరస్ ప్రతి ఫైలునూ ఆపి తడిమి చూస్తుంటే అక్కడే తెలుస్తుంది. చిన్న ఫైళ్ల జబ్బుకు సంతకం తీసేసినా పెద్దగా తేడా రాదు.

కారణం ఎవరూ చూడని చోట దాక్కుంటుందని నమ్మలేనివాళ్లకు 2007 నాటి విండోస్ విస్టా కథ చెబుతుంటాను. విస్టాలో పాటలు వింటూ ఉంటే సర్వరు నుంచి కాపీ వేగం పడిపోతోందని జనం గమనించారు. మొదట ఎవరూ నమ్మలేదు. పాటకూ ఫైలు కాపీకీ ఏం సంబంధం? విండోస్ లోతులు తెలిసిన మార్క్ రుసినోవిచ్ అప్పటికే మైక్రోసాఫ్ట్‌లో ఉన్నాడు. కొలిచి చూసి కారణం బయటపెట్టాడు. ధ్వని తెగకుండా ఉండాలని, మీడియా నడుస్తున్నంత సేపూ నెట్‌వర్క్ నుంచి మిల్లీసెకనుకు పది పాకెట్లకు మించి తీసుకోకూడదని ఒక కట్టడి పెట్టారు. పాకెట్ ఒకటిన్నర వేల బైట్లు అనుకుంటే సెకనుకు 15 మెగాబైట్లు. వంద మెగాబిట్ల లైన్ల కాలంలో అది ఎవరికీ తగిలేది కాదు. గిగాబిట్ వచ్చేసరికి గొంతు పట్టింది. ఒకటి కంటే ఎక్కువ నెట్‌వర్క్ కార్డులుంటే ఆ కట్టడి ఇంకా బిగుసుకునే లోపమూ అందులో ఉంది. ఇందులో నాకు నచ్చేది ఆయన ఊహించకపోవడం. ప్రాసెసరు ఎక్కడ ఖర్చవుతోందో, పాకెట్లు ఎక్కడ ఆగుతున్నాయో చూశాడు, చూసింది రాశాడు. కారణం తెలిసింది కాబట్టి రక్షణలేవీ పీకకుండా మందు వేయగలిగారు.

దగ్గరి ఉదాహరణ 2022ది. విండోస్ 11 22హెచ్2 వచ్చినప్పుడు సర్వరు నుంచి పెద్ద ఫైళ్లు కిందికి దించుకునేటప్పుడు వేగం 40 శాతం దాకా పడిపోవచ్చని మైక్రోసాఫ్ట్‌లో ఎస్ఎంబీ చూసే నెడ్ పైల్ స్వయంగా ఒప్పుకున్నాడు. లోపం ఎస్ఎంబీలోనే ఉందని కూడా కాదు, అదే కంప్యూటర్‌లో కాపీ చేసినా కనిపించవచ్చని చెప్పాడు. అప్‌డేట్ వచ్చేదాకా విండోస్‌లోని రోబోకాపీ కమాండును బఫర్ లేకుండా నడిపే స్విచ్‌తో వాడుకోమని దారి చూపించాడు. ఆ నెలల్లో ఎవరైనా సంతకం తీసేసి ఉంటే అది వృథా. జబ్బు అక్కడ లేదు. ఇప్పుడు ఆ లోపం సరైపోయినా, వాళ్లు తీసేసిన సంతకం తీసేసినట్టే ఉండి ఉంటుంది.

సర్వరు వైపు కూడా అప్‌గ్రేడ్ జరిగిన చోట ఇంకో రకం నెమ్మది వస్తుంది. లైసెన్సు ఖర్చు తగ్గుతుందని పాత విండోస్ సర్వరు తీసేసి లినక్సు మీద సాంబా పెడతారు. మంచి నిర్ణయం, నేనూ చాలా చోట్ల అదే చెబుతాను. అయితే విండోస్ దృష్టిలో పెద్దక్షరాల ఇంగ్లిష్ పేరూ చిన్నక్షరాల పేరూ ఒక్కటే, లినక్సు దృష్టిలో అవి రెండు వేరు ఫైళ్లు. అందుకని కొత్త ఫైలు పెట్టమన్న ప్రతిసారీ సాంబా ఆ ఫోల్డరులో అలాంటి పేరు ఇంకేదైనా ఉందేమోనని మొత్తం జాబితా వెతకాలి. వంద ఫైళ్లున్న ఫోల్డరులో ఎవరికీ తెలియదు. పదేళ్ల స్కాన్లన్నీ ఒకే ఫోల్డరులో లక్ష ఫైళ్లుగా పడి ఉంటే లక్షా ఒకటో ఫైలు పెట్టడానికి లక్ష పేర్లు తిరగేయాలి. మన ఆఫీసుల్లో స్కానింగ్ కాంట్రాక్టులు ముగిశాక మిగిలే ఫోల్డర్లు సరిగ్గా ఇలాగే ఉంటాయి. దీనికి సాంబా పత్రాల్లోనే మందు రాసి ఉంది: ఆ ఒక్క షేరులో పేర్లన్నీ ఒకే రకం అక్షరాల్లోకి మార్చి, అక్షరభేదం పాటించమని చెప్పాలి. నన్నడిగితే ఏడాదికో ఫోల్డరు, మండలానికో ఫోల్డరు చేయడం మేలు. మనిషికీ వెతుక్కోవడం సులువవుతుంది.

చేతులు మారే చిట్కాల్లో ఇంకా ముసలివి ఉన్నాయి. సాంబా సెట్టింగుల్లో సాకెట్ బఫర్ ఎనిమిది వేలు పెట్టమనేది ఒకటి, విండోస్‌లో టీసీపీ ఆటోట్యూనింగ్ ఆపేయమనేది ఇంకొకటి. ఒకప్పుడు వాటికి అర్థం ఉండేది. ఇప్పటి లినక్సు తన బఫర్లను అవసరాన్ని బట్టి తానే పెంచుకుంటుంది. చేత్తో అంకె వేస్తే ఆ తెలివి ఆగిపోతుందని సాంబా తన సెట్టింగుల పుస్తకంలోనే హెచ్చరిస్తోంది. అయినా కొత్త సర్వర్లలో ఆ పాత వరుసలు నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకు ఫైలు కాపీ చేస్తూ పోయారు, ఎవరూ చదవలేదు.

సాంబా పుట్టుకే ఈ విషయంలో మనకు దారి చూపుతుంది. 1990ల మొదట్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిజెల్ దాన్ని మొదలుపెట్టాడు. ఆయనకు మైక్రోసాఫ్ట్ పత్రాలు ఎవరూ ఇవ్వలేదు. రెండు కంప్యూటర్ల మధ్య తీగ మీద ఏం వెళ్తోందో చూసి, ఆ మాటల అర్థం రాబట్టి సర్వరు రాశాడు. ఇవాళ మన దగ్గర అలా తీగ మీద వెళ్లేదాన్ని చూపించే వైర్‌షార్క్ ఉచితంగా ఉంది, ప్రోటోకాల్ పత్రాలన్నీ బహిరంగంగా ఉన్నాయి. చూడటానికి అర పూట సమయం ఇచ్చే ఆఫీసు మాత్రం లేదు.

ఇంకొక ఇబ్బంది మన దగ్గర ప్రత్యేకంగా ఉంది, దాన్ని కళ్లు మూసుకుని దాటలేం. తెలుగు డీటీపీ పని ఇప్పటికీ కొన్ని చోట్ల పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో నడుస్తోంది. పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, యూనికోడ్‌లోకి మార్చే తీరిక లేదు. వాటి కోసం ఒక విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌ను ప్రాణంలా కాపాడుకుంటారు. ఎక్స్‌పీకి ఎస్ఎంబీ మొదటి తరం తప్ప ఇంకేమీ రాదు. ఆ ఒక్కదాని కోసం సర్వరులో మొదటి తరాన్ని తెరిచి ఉంచుతారు, వాన్నాక్రై నడిచొచ్చిన దారి అదే. కారిడార్‌లోని జిరాక్స్ మెషీన్‌ది కూడా ఇదే కథ. స్కాన్ చేసి నేరుగా ఫోల్డరులో వేసే పాత మెషీన్లలో చాలావాటికి కొత్త ఎస్ఎంబీ రాదు. మొదటి తరం లేకపోతే పని చేయని పరికరాల జాబితానే ఒకటి నెడ్ పైల్ కొన్నేళ్లపాటు నడిపాడంటే సమస్య ఎంత పెద్దదో ఊహించండి. కొత్త కంప్యూటర్లు వచ్చిన రోజు స్కానింగ్ ఆగిపోతుంది. గెస్ట్ తెరువు, సంతకం తీసేయి, మొదటి తరం ఆన్ చేయి అంటూ ఒకదాని వెనక ఒకటి తలుపులన్నీ తెరుచుకుంటాయి.

ఇప్పుడు నా విన్నపం. కంప్యూటర్లు మార్చమని మీ శాఖలు ఇచ్చే ఉత్తర్వుల్లో “కంప్యూటర్లు” అన్న చోట ఆ ఆఫీసు ఫైలు సర్వరు, నాస్, స్విచ్, జిరాక్స్ మెషీన్ కూడా చేర్చండి. అవన్నీ కలిస్తేనే ఒక వ్యవస్థ. సగం మార్చి సగం వదిలేసినప్పుడే ఈ తంటా. కొత్త నాస్ టెండరు పిలిచేటప్పుడు ఎన్ని టెరాబైట్లు అన్నది ఒక్కటే రాస్తే చాలదు. ఎస్ఎంబీ 3.1.1, జీమ్యాక్ సంతకం, ప్రాసెసర్‌లో ఏఈఎస్ ఆజ్ఞలు, తయారీదారు ఎన్నేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తాడన్న హామీ, ఈ నాలుగు మాటలూ ఉండాలి. దీనికి ఖర్చు పెద్దగా పెరగదు. ఇప్పటికే ఉన్న పెట్టెల్లో చాలావాటికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే సరిపోవచ్చు. ముందు అది చేయించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది కొలత. అప్‌గ్రేడ్‌కు ముందు రోజు ఒక పెద్ద ఫైలు సర్వరుకు పంపి, మళ్లీ తెచ్చుకుని, ఎంతసేపు పట్టిందో రాయించండి. వెయ్యి చిన్న ఫైళ్ల ఫోల్డరుతోనూ అదే చేయించండి. లైను ఎంత వేగంతో కలిసిందో, కాపీ సమయంలో సర్వరు ప్రాసెసరు ఎంత కాగిందో పక్కన వేయించండి. అప్‌గ్రేడ్ అయిన మర్నాడు మళ్లీ అవే కొలతలు. అయితే మొదటి రెండు మూడు రోజులు సర్వరు, కంప్యూటర్లు ఫైళ్ల సూచికలు తిరగరాసుకుంటూ నెమ్మదిగా ఉండటం సహజం. కాబట్టి వారం తర్వాత ఇంకోసారి కొలవాలి. ఒక కాగితం చాలు. ముందు ఎంత ఉండేదో తెలియకుండా “స్లో అయింది” అంటే మాలాంటి వాళ్లం చీకట్లో వెతకాల్సి వస్తుంది.

సంతకం తీసేయడం మీద పూర్తి నిషేధం పెట్టమని నేను అడగను. ఆసుపత్రిలో ఎక్స్‌రే మెషీన్ పాత సర్వరుకే ఫొటోలు పంపగలిగితే రోగిని ఆపలేం కదా. కారణం వెతకడానికైనా ఒక పరీక్ష కంప్యూటర్‌లో, ముఖ్యమైన ఫైళ్లేవీ లేని ఫోల్డరు మీద కాసేపు తీసి చూడాల్సి వస్తుంది. చూసి, అంకె రాసుకుని, తిరిగి పెట్టేయాలి. నేను అడిగేది ఇదొక్కటే: ఎక్కడ తీసినా ఆఫీసరు పేరుతో, కారణంతో, ఏ తేదీలోగా తిరిగి పెడతారో రాసి తీయాలి. ఆ తేదీ వచ్చినప్పుడు జిల్లా స్థాయిలో ఎవరో ఒకరు అడగాలి. ఆ ఎక్స్‌పీ కంప్యూటర్, పాత జిరాక్స్ మెషీన్ తప్పనిసరైతే వాటిని విడి నెట్‌వర్క్‌లో, విడి చిన్న షేరుతో ఉంచాలి. వాటి కోసం అందరి సర్వరునూ బార్లా తెరవకూడదు.

ఆ కుర్రాడికి విజిట్‌కు కాకుండా సమయానికి డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టించండి. మన రెండు రాష్ట్రాల్లో పాలిటెక్నిక్‌లూ ఐటీఐలూ ఎన్నో ఉన్నాయి. నెట్‌వర్క్ కొలతలు, సాంబా, పాకెట్ చూడటం అన్న మూడు విషయాల మీద రెండు వారాల శిక్షణ పెడితే ప్రతి మండలంలోనూ కొలిచి మాట్లాడే మనిషి దొరుకుతాడు. ఆ పాఠాలు తెలుగులో రాయడానికి నేను సిద్ధం. డబ్బు అక్కర్లేదు. కొలతల కాగితం నమూనా ఇప్పటికే తయారు చేసి పెట్టాను. రెండు శాఖల్లో ఎవరు అడిగినా పంపుతాను, మీ ఆఫీసుల అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు.

మీ స్పందన కోసం ఎదురుచూస్తూ,

భవదీయుడు,
ఒక సర్వరు ఇంజనీరు
విజయవాడ